తప్పుల పద్దు

నేను చదివింది తెలుగు ఎం. ఏ. కాలేజీలో చెప్పేదీ తెలుగే. ఫిజిక్సుకీ నాకూ పదో తరగతితోనే రుణం తీరిపోయింది. అటువంటివాడికి ఎంట్రన్సు పరీక్షల గురించి రాయడానికి ఏం అర్హత వుందని మీరు అడగవచ్చు. మా ఆవిడ అడగనే అడిగింది. అయినా రాస్తున్నాను. ఎందుచేతనంటే, పోయిన ఏడాది అక్టోబరు నించి జనవరి దాకా ఇంచుమించు ప్రతి ఆదివారమూ మా మేనకోడలి మాక్ టెస్టు పేపర్లు ముందు వేసుకుని కూర్చున్నవాణ్ణి నేనే. అందులో లెక్క ఒక్కటీ నాకు అర్థం కాలేదు. తప్పులు మాత్రం అర్థమయ్యాయి.

ఇంటర్మీడియట్ చదివే పిల్లలున్న ఇళ్ళవాళ్ళకి ఈ మాక్ టెస్టుల సంగతి నేను కొత్తగా చెప్పనక్కరలేదు. అసలు పరీక్షకి ముందు అచ్చం దానిలాంటివే వారం వారం పెడుతూ వుంటారు. శనివారం పరీక్ష అయితే, ఆదివారం తెల్లవారేసరికి తండ్రి ఫోనుకి మార్కులూ ర్యాంకూ వచ్చి వాలతాయి. నెల తిరిగాక ర్యాంకుల్ని బట్టి సెక్షన్లు మారుస్తారు. పై సెక్షన్ నించి దిగిపోయిన పిల్ల తన పుస్తకాల సంచీ తీసుకుని, తోటివాళ్ళంతా చూస్తూండగా వేరే గదికి నడిచి వెళ్ళాలి. మా అమ్మడి కాలేజీలో ఆ గదికీ ఈ గదికీ మధ్య ఇరవై గజాలు కూడా వుండదట. "ఆ కాస్త దూరమూ నడవడం నా వల్ల కాలేదు మామయ్యా" అంది అమ్మడు, తరవాత ఎప్పుడో.

మా చెల్లెలు ఫోను చేసి, "అన్నయ్యా, పిల్ల రెండు రోజులనించి అన్నం సరిగ్గా తినడం లేదు. పలకరిస్తే పలకదు. ఒకసారి వచ్చిపో" అన్నది ఆ సెక్షన్ మారిన వారమే. ఇలాంటి మాట వినగానే ఈ రోజుల్లో ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. 2019 ఏప్రిల్లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చిన తరవాత ఎంతమంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నారో మనం మరిచిపోలేదు గదా! గుంటూరులో కనిపించిన మొదటి బస్సు ఎక్కి బెజవాడ చేరాను.

మా బావగారిది బ్యాంకు వుద్యోగం. మంచివారే, కాని అంకెల దగ్గర ఆయనకి దయాదాక్షిణ్యాలు వుండవు. కూతురి మార్కులన్నీ తేదీలవారీగా ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టారు. 119, 126, 112. నేను వెళ్ళి కూర్చోగానే ఆ పుస్తకం నా చేతిలో పెట్టి, "చూడండి, పద్నాలుగు గంటలు చదివితే ఫలితం ఇదీ" అన్నారు. పిల్ల గుమ్మం పక్కనే వుంది. వినకుండా వుంటుందా?

నేను అమ్మడి గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. కాసేపటికి అదే నోరు విప్పింది.

"నాకు రాదు మామయ్యా. నేను దీనికి పనికిరాను."

"ఏది రాదే?"

"ఏదీ రాదు."

"ఏదీ రాకపోతే 112 మార్కులు ఎవరిచ్చారు? మీ నాన్న బ్యాంకులోంచి తెచ్చాడా?"

కొంచెం నవ్వింది. అదే సందనుకుని ఆ పేపరు ఇలా తెమ్మన్నాను.

అది జేఈఈ మెయిన్ నమూనాలో పెట్టిన పరీక్ష. 2025 నించి అందులో 75 బిట్లు వుంటున్నాయి. లెక్కలు, ఫిజిక్సు, కెమిస్ట్రీ, తలా 25. ఒక్కొక్క దాంట్లో నాలుగు జవాబుల్లోంచి ఒకటి ఏరుకునేవి ఇరవై, జవాబు మనమే అంకెల్లో కట్టవలసినవి అయిదు. రైటుకి నాలుగు మార్కులు, తప్పుకి ఒక మార్కు కోత. మొత్తం 300. మూడు గంటల సమయం. అంటే బిట్టుకి రెండు నిమిషాల 24 సెకండ్లు. మా అమ్మడు 35 రైటు చేసింది, 28 తప్పు చేసింది, 12 ముట్టుకోలేదు. 140 లోంచి 28 పోతే 112. మా బావగారి పుస్తకంలోకి ఎక్కింది ఈ ఆఖరి అంకె ఒక్కటే. 35, 28, 12 అనే మూడు అంకెలు ఆయన పుస్తకంలో లేవు, అమ్మడి బుర్రలోనూ లేవు. కీ చూసుకుని, రైటెన్నో తప్పెన్నో లెక్కపెట్టుకుని, ఏడ్చి, పేపరు మంచం కింద పడేసిందట.

నేను తప్పయిన 28 బిట్లూ వరసగా చూపిస్తూ "ఇది ఎందుకు తప్పయింది?" అని అడగటం మొదలుపెట్టాను. మొదటిదానికి "సిల్లీ మిస్టేక్" అంది. రెండోదానికి "సిల్లీ మిస్టేక్." అయిదోదానికీ అదే. పిల్లలందరి నోటా ఈ మాట మంత్రంలాగా నానుతోంది. ఏ పంతులు నేర్పాడో గాని, ఇంత పనికిమాలిన మాట మరొకటి లేదు. సిల్లీ అనేస్తే ఇక దాని సంగతి ఆలోచించనక్కరలేదు గదా! తప్పుకి పేరు పెట్టినట్టూ అవుతుంది, కారణం వెతకకుండా తప్పించుకున్నట్టూ అవుతుంది.

ఇక్కడ నా తెలుగు ఎం. ఏ. కొంచెం అక్కరకొచ్చింది. మాకు తాళపత్రాల పరిష్కరణ గురించి ఒక పాఠం వుండేది. పాత కావ్యాన్ని అచ్చు వెయ్యాలంటే ముందు వ్రాయసగాళ్ళ తప్పులు పట్టుకోవాలి. ఆ తప్పులన్నీ ఒక్క జాతివి కావు. రెండు పంక్తుల్లో ఒకే మాట వుంటే, కన్ను మొదటిదానిమీంచి రెండోదానిమీదికి దూకేసి మధ్యది ఎగిరిపోతుంది. అది కంటి తప్పు. ఒకరు చదువుతూంటే ఇంకొకరు రాసుకునేటప్పుడు దొర్లేది చెవి తప్పు. అరుదైన మాట వస్తే, తెలియక, దాని బదులు తనకి తెలిసిన మాట పెట్టి, పైగా తానే సరిచేశాననుకుంటాడు చూశారా, అది తెలివి తప్పు. మూడింటికీ మందు వేరు వేరు. అంతేకాదు, ఒక్క ప్రతి చూసి ఏదీ తేల్చకూడదు. బ్రౌన్ దొర కడపలో పండితుల్ని కూర్చోబెట్టి, ఒక్కొక్క గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూపించింది అందుకే. 1829లో ఆయన అచ్చువేయించిన వేమన పద్యాల వెనక కూడా అలా పోగుచేసిన ప్రతులెన్నో వున్నాయి.

ఇదంతా అమ్మడికి చెప్పి, "నీ తప్పులు కూడా అలాగే జాతులవారీగా విడదీద్దాం. కాని ముందు ఈ నలభై బిట్లూ మళ్ళీ చెయ్యి. కీ నా దగ్గర వుంటుంది. గడియారం చూడకు" అన్నాను. నలభై అంటే తప్పయిన 28, వదిలేసిన 12. అది ఇష్టం లేకుండానే మొదలుపెట్టింది. నేను పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ వున్నాను. మూడు గంటలు పట్టింది. మధ్యలో మా చెల్లెలు వచ్చి చూసి, ఏమీ అడక్కుండా కాఫీ పెట్టి వెళ్ళింది.

తీరా లెక్క చూస్తే ఇలా తేలింది. తప్పయిన 28లో తొమ్మిది నిజంగా రావు. ఇప్పుడు చేసినా రాలేదు. ఎనిమిది మొదటిసారే గుడ్డిదెబ్బలు. ఏదో ఒకటి పెట్టి వచ్చింది. మిగిలిన పదకొండూ ఈసారి ఎవరూ చెప్పకుండానే రైటు చేసింది! ఆ పదకొండింట్లో అయిదు ప్రశ్న సరిగా చదవకపోవడంవల్ల పోయాయి. నాలుగు, చిత్తుకాగితం మీద మైనస్ గుర్తు ఒక లైనులోంచి ఇంకో లైనులోకి దింపకపోవడంవల్ల పోయాయి. రెండింటికి జవాబు సరిగా కట్టి, పెట్టడం వేరేది పెట్టింది. ఇక వదిలేసిన పన్నెండులో అయిదు రావు. ఏడు మాత్రం తేలికైనవి. అక్కడిదాకా వచ్చేసరికి గంట కొట్టేశారు.

మైనస్ ఒకటి రావలసినచోట నాలుగు వస్తే, బిట్టుకి తేడా అయిదు మార్కులు. పదకొండు అయిదులు 55. ఏడు నాలుగులు 28. వెరసి 83. అంటే కొత్తగా ఒక్క పాఠం చదవకుండా, తనకి వచ్చినదాంట్లోనే ఆ పిల్ల 83 మార్కులు పారేసుకుంది.

ఈ ముక్క మా బావగారికి చెపితే ఆయన మొహం చూడవలసిందే. "అంటే ఇవి వసూలయ్యే బాకీలన్నమాట!" అన్నారు. అవునండీ అన్నాను. "ఆ పద్నాలుగూ మొండి బాకీలు" అన్నారు, రానివాటిని గురించి. తరవాత ఆయనే తన చిన్న పుస్తకంలో ఒకే ఒక్క అంకె వుండే చోట నిలువు గీతలు గీసి, పద్దులు విడదీశారు: చదవడంలో పోయినవి, చేతిలో పోయినవి, సమయం చాలక పోయినవి, గుడ్డివి, రానివి. నాకు తెలిసి ఆయన తప్పుకి కోప్పడకుండా తప్పుని లెక్కవేసింది అదే మొదలు. బ్యాంకులో రోజూ చేసే పనే ఇంటికొచ్చేసరికి ఎందుకు మరిచిపోయారో నాకు తెలియదు.

అంతటితో మార్కులు చెంగున పైకి లేచాయని చెపితే అబద్ధం. తరవాతి వారం 121. ఆ పైవారం 109! ఆదివారం పొద్దున్నే బావగారి ఫోను. "మళ్ళీ పడిపోయిందండీ." ర్యాంకు ఎంతని అడిగాను. చూసి, కొంచెం ఆగి, "నలభై స్థానాలు పెరిగింది" అన్నారు. ఆ వారం పేపరు కఠినం. అందరికీ తగ్గాయి, దీనికి తక్కువ తగ్గాయి. రెండు పేపర్ల మార్కులు పక్కపక్కన పెట్టి ఎక్కువా తక్కువా అనడం, రెండు వేరు వేరు తక్కెడల్లో తూచి పోల్చడం లాంటిది. అసలు పరీక్షలోనూ రోజుకో పేపరు, పూటకో పేపరు వుంటుంది గనకనే మార్కులతో పోల్చకుండా పర్సెంటైల్ ఇస్తారు. దీన్ని శాతం మార్కులనుకునే తల్లిదండ్రులు ఇప్పటికీ చాలామంది వున్నారు. 90 పర్సెంటైల్ అంటే నూటికి తొంభై మార్కులు వచ్చాయని కాదు. రాసిన ప్రతి వందమందిలోనూ తొంభైమంది మన స్కోరు దగ్గరగాని దానికి కిందగాని వున్నారని. అంతే.

పద్దుల్లో మాత్రం మార్పు తెలుస్తూనే వుంది. చేతిలో పోయేవి ముందు తగ్గాయి. అమ్మడు చిత్తుకాగితాన్ని నాలుగు గళ్ళుగా మడిచి, ఒక్కొక్క లెక్క ఒక్కొక్క గడిలో కుదురుగా చెయ్యడం అలవాటు చేసుకుంది. నాలుగు పేపర్లు పోగయ్యాక రాని బిట్లన్నీ ఒకచోట చేరిస్తే ఇంకో సంగతి బయటపడింది. అవి అన్ని పాఠాల్లోనూ చెదిరి లేవు. సగానికి సగం భ్రమణ చలనంలోనూ, దాని చుట్టుపక్కలా వున్నాయి. "ఏదీ రాదు" అన్న పిల్లకి నిజంగా రానిది ఒకటిన్నర పాఠం! మా కాలేజీ ఫిజిక్సు లెక్చరరు రెండు ఆదివారాలు వచ్చి ఆ పాఠం మొదటినించీ చెప్పాడు. ఫీజు పుచ్చుకోలేదు గాని మా చెల్లెలు చేసిన పులిహోర మాత్రం రెండుసార్లూ కట్టించుకుపోయాడు.

ఆ తరవాత ఇంకొక చిన్న పని పెట్టాం. జవాబు పెట్టేటప్పుడే, చిత్తుకాగితం మీద ఆ బిట్టు నంబరు పక్కన ఒక గుర్తు. రూఢిగా తెలిస్తే టిక్కు, సగం అనుమానమైతే చుక్క, గుడ్డిదైతే సున్నా. ఇది అర సెకండు పని. ఆ వారం 134 వచ్చాయి. విడదీస్తే, టిక్కులు 31. అందులో 27 రైటు, 4 తప్పు. చుక్కలు 16, అందులో 9 రైటు, 7 తప్పు. సున్నాలు 14, 3 రైటు, 11 తప్పు.

దీంట్లో చాలా చదువుకోవచ్చు. చుక్కలవల్ల ఆ పిల్లకి 29 మార్కులు మిగిలాయి. "అనుమానముంటే వదిలెయ్" అని కాలేజీలో ఎవరో చెప్పారట. ఆ సలహా వినివుంటే ఆ 29 పోయేవే. లెక్క కూడా అదే చెబుతుంది. నాలుగు జవాబుల్లో రెండు కావని గట్టిగా తెలిస్తే, అలాంటి బిట్లు రెండు పెడితే సగటున ఒకటి తగిలి నాలుగొస్తాయి, ఒకటి తప్పి ఒకటి పోతుంది, లాభం మూడు. ఏమీ తెలియకుండా నాలుగు బిట్లు పెడితే ఒకటి తగులుతుంది, మూడు పోతాయి. లాభం ఒకే ఒక్క మార్కు. అమ్మడి పద్నాలుగు సున్నాలకీ మిగిలింది కూడా సరిగ్గా ఒక్క మార్కే. ఆ ఒక్కదానికోసం వాటితో ఇరవై నిమిషాలు కుస్తీ పట్టి, ఆఖరికి కళ్ళు మూసుకుని పెట్టింది. ఆ ఇరవై నిమిషాలు చాలకే చివర తేలిక బిట్లు ఆరు ముట్టుకోకుండా లేచి వచ్చింది. ఇక అంకెల్లో కట్టవలసిన పదిహేను బిట్లకి గుడ్డిదెబ్బ శుద్ధ దండగ. అక్కడ ఏరుకోవడానికి ఏమీ వుండదు, తప్పయితే మార్కు పోతుంది.

నాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచినవి టిక్కు పెట్టి తప్పిన ఆ నాలుగు. తెలియనిది తెలియదని తెలిస్తే చదువుకుంటాం. తెలుసనుకున్నదాని జోలికి మళ్ళీ పోము గదా! అందులో ఒకటి నాకూ అర్థమయ్యేటట్టు చెప్పింది. నిట్టనిలువుగా పైకి విసిరిన బంతి శిఖరాన క్షణంపాటు ఆగుతుంది. అప్పుడు దాని వేగం సున్నా. అమ్మడు త్వరణం కూడా సున్నా అనుకుంది. కాదట. భూమి దాన్ని కిందికి లాగుతూనే వుంటుంది. త్వరణం ఎప్పుడూ వున్నంతే వుంటుంది. పదో తరగతి తరవాత రెండేళ్ళనించి ఈ పొరపాటు దాని మనసులో దర్జాగా కాపురం చేస్తోంది. వెనకటి వ్రాయసగాడి తెలివి తప్పు ఇదే.

ఎంసెట్ మాట వేరు. అది 1986లో మొదలైంది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఈఏపీసెట్ అంటున్నారు. ఇంజనీరింగుకి లెక్కలు 80, ఫిజిక్సు 40, కెమిస్ట్రీ 40, మొత్తం 160 బిట్లు, అవే మూడు గంటలు. బిట్టుకి ఒక నిమిషం మీద ఏడెనిమిది సెకండ్లు. తప్పుకి కోత లేదు. అక్కడ ఒక్క బిట్టు వదిలినా చేజేతులా పారేసుకున్నట్టే. జేఈఈకి అలవాటు పడిన పిల్లలు అక్కడ కూడా భయపడి ఖాళీలు వదిలేసి వస్తారు. మా అమ్మడు మొదటి ఎంసెట్ మాక్ లో 19 వదిలేసి వచ్చింది! నీట్ రాసే పిల్లలది ఇంకో తంతు: 180 బిట్లు, 2025 నించి మళ్ళీ 180 నిమిషాలు, తప్పుకి ఒక మార్కు కోత. అంచేత ఒక పరీక్ష మాక్ లో వచ్చిన మార్కులు చూసి ఇంకొక పరీక్ష జాతకం చెప్పడం కుదరదు.

చదవడంలో పోయేవి మాత్రం ఎంతకీ తగ్గలేదు. అవి నా శాఖ గనక వాటి మీద పట్టుపట్టాను. కింది వాటిలో "సరికానిది" ఏది అని అడిగితే, సరైనది కనబడగానే టక్కున పెట్టేస్తుంది. ఇంగ్లీషు వాక్యంలో ఆ కాదనే మాట మూడక్షరాలతో మధ్యలో నక్కి కూర్చుంటుంది. మన భాషలో వ్యతిరేకార్థం క్రియలో కలిసి వాక్యం చివరన వస్తుంది. చివరిదాకా చదివినవాడికి తప్పించుకోలేనంత స్పష్టంగా కనబడుతుంది. 2021 నించి జేఈఈ మెయిన్ తెలుగులోనూ రాయవచ్చు. తెలుగు ఎంచుకుంటే ఇంగ్లీషు కూడా కనబడుతుంది. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషుదే చెల్లుబాటు. ఇంగ్లీషు మీడియం పిల్లలు దాని జోలికే పోరు. పొమ్మని నేనూ అనను, ఆ తెలుగు పారిభాషిక పదాలు చూసి కొత్తగా బెదిరిపోతారు. నేను చేయించింది వేరు. ప్రతి ప్రశ్నలోనూ ఆఖరికి ఏమడిగాడో ఆ ముక్క ఒక్కటీ మనసులో తెలుగులో అనుకుని, అప్పుడు లెక్క మొదలుపెట్టమన్నాను. "దూరం కాదు, స్థానభ్రంశం అడిగాడు." "సరికానిది అడిగాడు." "సెంటీమీటర్లలో అడిగాడు." బిట్టుకి మూడు సెకండ్లు అవుతుంది. రెండు వారాలపాటు విసుక్కుంది. మూడోవారం ఆ పద్దులో అయిదు వుండేచోట రెండు వున్నాయి.

కాలేజీలో వారం వారం పరీక్షలు పెట్టించుకోలేని పిల్లల సంగతి ఏమిటంటారా? మా కాలేజీ చుట్టుపక్కల పల్లెల్లో అలాంటివాళ్ళే ఎక్కువ. పరీక్ష పెట్టే ఎన్.టి.ఏ. వారే పాత ప్రశ్నపత్రాలు తమ వెబ్ సైటులో పెడుతున్నారు. వుచితంగా దొరుకుతాయి. మూడు గంటలు తలుపు వేసుకుని, ఒక పాత పేపరు నిజాయితీగా రాసి, మర్నాడు ఆరేడు గంటలు దాని తప్పులతో కూర్చుంటే చాలు. వారానికి ఒకటి చాలు. మూడు రాసి ఒక్కటీ తిరగెయ్యనివాళ్ళని నేను చాలామందిని చూశాను.

జనవరిలో అమ్మడికి వచ్చిన పర్సెంటైల్ మా బావగారు ఆశపడినదీ కాదు, అది భయపడినదీ కాదు. ఏప్రిల్లో రెండోసారి రాసే వీలుంది గనక ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. పై సెక్షన్ లోకి మళ్ళీ వెళ్ళిందా అంటే, వెళ్ళింది, ఒక నెల వుండి మళ్ళీ దిగింది. రెండోసారి దిగినప్పుడు, ఆ గదిలో ఫ్యాన్ బాగా తిరుగుతుందని వాళ్ళమ్మతో అందట. అన్నం మానలేదు.

తరవాత నన్ను బెజవాడ రమ్మనలేదు. పద్దులు తనే రాసుకునేది. మార్చి నెలలో ఒకరోజు నేను క్లాసులో వుండగా రెండుసార్లు ఫోను మోగింది. కంగారుగా బయటికి వచ్చి తీశాను.

"మామయ్యా, ఒక బిట్టులో 'అట్ మోస్ట్ టూ' అన్నాడు. దీన్ని తెలుగులో ఏమనుకోవాలి?"

"రెండుకి మించకుండా."

"అంటే సున్నా కూడా లెక్కే గదా?"

"సున్నా, ఒకటి, రెండు. మూడూ లెక్కే. అంటే, మూడు సంఖ్యలూ అని."

"అయ్యో మామయ్యా, తికమక పెట్టకు!" అని ఫోను పెట్టేసింది.